దేవుడు చేయగలడని నమ్ముతున్నాను, కానీ ఆశపడాలంటే భయమేస్తోంది

ప్రశ్న:
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. అమ్మకి చాలాకాలంగా ఒంట్లో బాగోలేదు, మందులు వాడుతోంది, ఇంట్లో రోజూ ప్రార్థన చేస్తున్నాం. దేవుడు బాగుచేయగలడా అంటే నాకు ఏ సందేహమూ లేదు, మా అమ్మకి చేస్తాడా అన్న దగ్గరే ఆగిపోతున్నాను. ఇదివరకు నాన్న కోసం కూడా ఇలాగే ప్రార్థించాం, ఉపవాసాలున్నాం, ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. అప్పటినుంచి ఏదైనా అడగబోతే మనసు మూసుకుపోతోంది, "నీ చిత్తం ప్రభువా" అని తొందరగా ముగించేస్తున్నాను. అది లోబడటం కాదు, మళ్లీ దెబ్బ తినకూడదన్న భయమేనని నాకే తెలుస్తోంది. దానికి తోడు కూడికలో ఒకరు "మీ ఇంట్లో విశ్వాసం సరిపోవట్లేదు" అన్నారు. ఇలాంటి మనసుతో చేసే ప్రార్థన దేవుడు వింటాడా?

జవాబు 1:
సిస్టర్, బైబిల్లో మార్కు సువార్త 1:40 ఒకసారి చదవండి. కుష్ఠరోగి యేసు ముందు మోకాళ్లూని, నీకిష్టమైతే నన్ను బాగుచేయగలవు అంటాడు. మీరున్న చోటు సరిగ్గా అదే కదా, చేయగలడని తెలుసు, ఇష్టపడతాడో లేదో తెలియదు. ముందు విశ్వాసం పూర్తి చేసుకుని రా అని యేసు అనలేదు. కనికరపడి చెయ్యి చాపి అతన్ని ముట్టుకున్నాడు, అప్పట్లో ఎవరూ ముట్టుకోని మనిషిని.

ఆ కూడికలో అన్న మాట మాత్రం పట్టించుకోకండి. మార్కు 9లో కొడుకు కోసం వచ్చిన తండ్రి, నమ్ముతున్నాను, నా అపనమ్మకం పోయేలా సాయం చెయ్యి అని ఒకే గుక్కలో కేక పెట్టాడు, ఆ పిల్లవాడు బాగయ్యాడు. మార్కు 2లో పక్షవాయువు వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొస్తే యేసు వాళ్ల విశ్వాసం చూశాడు. మీకు ఓపిక లేని రోజు సంఘం మిమ్మల్ని మోయాలి గానీ మీ మీద ఇంకో బరువు పెట్టడమేంటి?

జవాబు 2:
పైన చెప్పింది నిజమే, కానీ బాగైనవాళ్ల గురించే మాట్లాడుకుంటే మీ నాన్నగారి సంగతి ఎవరూ పలకరించనట్టే ఉంటుంది. అపొస్తలుల కార్యములు 12 చూడండి. హేరోదు రాజు యాకోబును కత్తితో చంపించాడు, అదే అధ్యాయంలో పేతురును మాత్రం దూత చెరసాల నుంచి బయటికి తెచ్చాడు. ఇద్దరూ యేసుకి బాగా దగ్గరి శిష్యులే. ఒకరికి అలా, ఇంకొకరికి ఇలా ఎందుకో ఆ పుస్తకం రాసిన లూకా చెప్పలేదు, యాకోబుకి విశ్వాసం తక్కువైందని కూడా రాయలేదు. నాకు ఆ అధ్యాయంలో ఆశ్చర్యం కలిగించేది దూత కన్నా సంఘం, యాకోబును పోగొట్టుకున్నాక కూడా పేతురు కోసం ఆసక్తిగా ప్రార్థించారు. తీరా పేతురు వచ్చి తలుపు తడితే, రొదే అనే అమ్మాయి చెప్పినా నమ్మలేదు, నీకు పిచ్చి పట్టింది అన్నారు! అంతగా దెబ్బతిన్న మనసులతో చేసిన ప్రార్థన అది, దేవుడు విన్నాడు.

ఇంకొకటి, సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు "నీ చిత్తం" అనకముందు ఈ గిన్నె, అంటే రాబోయే ఆ శ్రమ, నా దగ్గర నుంచి తీసేయమని అడిగాడు. మీరు అడిగే భాగం వదిలేసి రెండో మాట ఒక్కటే అంటున్నారేమో.

ప్రశ్న అడిగినవారు:
యాకోబు గురించి ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు, చదువుతుంటే కళ్లనీళ్లొచ్చాయి. నిజం చెప్పాలంటే నాకు దేవుడి మీద కోపం కూడా ఉంది. అది ఆయనతో అనొచ్చా?

జవాబు 3:
అనొచ్చండి. 13వ కీర్తనలో దావీదు ఎంతకాలం, ఎంతవరకు అని అడుగుతూనే ఉన్నాడు. 88వ కీర్తనైతే చీకటి మాటతోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు వాక్యం కూడా లేదు, అయినా బైబిల్లో ఉంది. పిల్లలు లేని హన్నా గుడిలో ఎంతగా మనసు కుమ్మరించిందంటే యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. మనసు తెరవడం అంటే నాకు తెలిసి ఇదే, కోపం, భయం, ఆశ ఏదీ దాచకుండా ఆయన ముందు పెట్టడం. మూసుకున్న మనసునైనా అలాగే చూపించండి.

మందులు మాత్రం ఆపకండి, ఎవరు చెప్పినా సరే. అపొస్తలుడైన పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే. ఇంతకీ దేని కోసం ప్రార్థించమంటారో అమ్మగారినే అడిగారా? బాగవ్వాలనే కాకుండా ఆవిడ మనసులో ఇంకేమైనా ఉండొచ్చు, ఈ రాత్రి అడిగి, ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకోండి.