నిర్దోషికి శిక్ష పడితే అది న్యాయం ఎలా అవుతుంది?

అందరికీ వందనాలు. హైదరాబాద్‌లో మా సంఘంలో పదో తరగతి పిల్లలకు సండే స్కూల్ చెబుతాను. మన పాపాల శిక్షను నిర్దోషియైన యేసు భరించిన సిలువలో దేవుని న్యాయం, కనికరం కలిశాయని బైబిల్లో రోమా 3:25-26 చూపించాను. నేరస్తుడి జరిమానా జడ్జే కట్టిన ఉదాహరణ కూడా చెప్పాను. ఒక అమ్మాయి, "జరిమానా ఎవరైనా కట్టొచ్చు సార్, ఉరిశిక్ష ఇంకొకరికి వేస్తే అన్యాయం కదా?" అంది. పాపం చేసినవాడే మరణిస్తాడన్న యెహెజ్కేలు 18:20 కూడా చదివింది. మంచి ప్రశ్న, దాటవేయడం నాకిష్టం లేదు. యేసు ఇష్టపూర్వకంగానే ప్రాణం పెట్టాడని యోహాను 10:18 చూపిస్తే, అది ప్రేమ, న్యాయం కాదంది. దేవుడే క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడన్న 2 కొరింథీ 5:19లో జవాబుందనిపిస్తోంది గానీ, విడమరిచి చెప్పలేకపోతున్నాను. నిర్దోషి శిక్ష భరించడం న్యాయమెలా అవుతుందో ఈ వయసు పిల్లలకు మీరైతే ఎలా వివరిస్తారు?