100 కి.మీ. ఎత్తులో గాలే ఉండదు కదా, మరి ఉల్క దేనికి రాసుకుని మండుతుంది?

నిద్రపట్టనివాడు:
మొన్న తెల్లవారుజామున మూడున్నరకి ఒక చుక్క రాలడం చూశాను. ఆకుపచ్చగా మొదలై, చివర్లో తెల్లగా భగ్గుమని ఆరిపోయింది, మొత్తం కలిపి ఒక సెకను ఉంటుందేమో. చిన్నప్పటి నుంచి చదువుకున్నది "గాలి రాపిడికి మండిపోతుంది" అనే కదా. కానీ ఇవి 100 కి.మీ. ఎత్తులోనే వెలగడం మొదలెడతాయట, అక్కడి గాలి నేల మీద ఉన్నదాంట్లో పది లక్షల వంతు కూడా ఉండదు. మరి రాపిడి ఎక్కడిది? ఇంకోటి, నవ్వకండి, అది వెళ్తున్నప్పుడే సన్నగా "సుయ్" మన్నట్టు వినిపించింది. అలా వినిపిస్తుందా?

గాలిపంపు:
రాపిడి కాదండీ, ఒత్తిడి. ముందున్న గాలికి పక్కకి తప్పుకునే టైమ్ ఉండదు, నలిగిపోయి వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొడితే అడుగున గొట్టం కాలుతుంది చూడండి, అదే సంగతి.

చుక్కలలెక్క:
పైన చెప్పింది పెద్ద రాళ్లకి కరెక్టే, మీరు చూసిన దానికి మాత్రం కాదు. ఈ "రాపిడి కాదు, ఒత్తిడి" అనే జవాబు ఇంటర్నెట్‌లో ఎంత తిరిగిందంటే అదే ఇప్పుడు కొత్త అపోహ అయింది :) 100 కి.మీ. ఎత్తులో ఒక గాలి అణువు ఇంకో దాన్ని గుద్దుకోవాలంటే సుమారు 10 సెం.మీ. పోవాలి. ఉల్క ఏమో ఇసుక రేణువంతో, మహా అయితే బఠాణీ గింజంతో. దాని ముందు గాలి పోగుపడి నలగడానికి అవకాశమే లేదు, అణువులు ఒక్కొక్కటే వచ్చి నేరుగా రాయికి తగులుతాయి. అయితే ఏ వేగంతో? ఆగస్టులో వచ్చే పెర్సీడ్స్ అనే ఉల్కాపాతంలోవి సెకనుకు 59 కి.మీ. దగ్గర వస్తాయి. ఆ వేగంలో ఒక్క గ్రాము రాయికి ఉండే శక్తి, టన్ను బరువున్న కారు గంటకు 200 కి.మీ. పైన పోతుంటే ఉండేంత. రాయిని ఆవిరి చేయడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. కాబట్టి అది "మండడం" కూడా కాదు, ఆవిరైన అణువులు గాలి అణువులని గుద్దుకుని వెలుగుతాయి. మనం చూసేది ఆ వెలుగే, రాయిని కాదు.

రంగు కూడా అక్కడిదే. వేగంగా వచ్చేవాటిలో మొదట కనిపించే ఆకుపచ్చ చాలాసార్లు గాలిలోని ఆక్సిజన్‌ది, తర్వాత రాయిలోని మెగ్నీషియం, సోడియం గీతలు (ఒక్కో మూలకం ఇచ్చే ప్రత్యేకమైన రంగులు) వస్తాయి. కెమెరా లెన్స్ ముందు గ్రేటింగ్ (వెలుగుని రంగులుగా విడదీసే పలక) పెట్టి ఈ గీతలు విడదీసే పరిశోధన చాలా ఏళ్లుగా నడుస్తోంది. డిసెంబరులో వచ్చే జెమినిడ్స్ ఉల్కాపాతంలో కొన్నిటికి సోడియం బాగా తక్కువ. ఆ ఉల్కలు ఊడి వచ్చిన తల్లి, ఫేథన్ అనే గ్రహశకలం, సూర్యుడి దగ్గరగా వెళ్లొస్తుంటుంది, ఆ వేడికి సోడియం ముందే ఎగిరిపోయి ఉంటుందని అంటారు.

యాంటెన్నా:
శబ్దం గురించి: 90 కి.మీ. నుంచి మామూలు శబ్దం కిందికి రావాలంటే దాదాపు ఐదు నిమిషాలు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్‌లో జరిగింది అదే, 20 మీటర్ల రాయి 30 కి.మీ. ఎత్తులో పేలితే, జనం వెలుగేంటా అని కిటికీల దగ్గరికి వెళ్లి నిలబడ్డారు, రెండు నిమిషాల తర్వాత గానీ అదురు రాలేదు, అద్దాలు మొహం మీద పగిలాయి. వెలుగుతోపాటే వినిపించే శబ్దానికి 2017లో ఒక వివరణ వచ్చింది: బాగా పెద్ద ఉల్క వెలుగు గబగబా హెచ్చుతగ్గులైతే ఆకులు, జుట్టు, నల్ల బట్టలు ఆ వేడికి సన్నగా గాలిని కదుపుతాయని. మీది ఒక సెకను చుక్క అంటున్నారు కాబట్టి నాకైతే నమ్మకం లేదు, ఏమనుకోకండి.

నిజంగా "వినాలంటే" రేడియో ఉంది. ఉల్క దారిలో అణువుల ఎలక్ట్రాన్లు ఊడి ఒక గీతలా మిగులుతాయి, అది దూరపు ట్రాన్స్‌మిటర్ సిగ్నల్‌ని అద్దంలా తిప్పికొడుతుంది. హెడ్‌ఫోన్స్‌లో అర సెకను "టింగ్", మళ్లీ నిశ్శబ్దం. పగలైనా, మబ్బు పట్టినా పర్లేదు. విమానాలు కూడా సిగ్నల్‌ని తిప్పికొడతాయి, మొదటి నెల నేను వాటిని కూడా లెక్కేసుకుని రోజుకి ఎన్ని ఉల్కలో అని మురిసిపోయాను, అది వేరే కథ. సిగ్నల్‌ని కంప్యూటర్‌లో చూస్తే, విమానం గీత తెర మీద ఏటవాలుగా నిదానంగా జారుతుంది, ఉల్కది టక్కున పుట్టి చెరిగిపోతుంది.

నిద్రపట్టనివాడు:
సరే, "సుయ్" నా చెవిదే అనుకుంటా. తెల్లవారుజామునే ఎక్కువ కనిపించడం కూడా నా భ్రమేనా?

చుక్కలలెక్క:
అది మాత్రం నిజం. అర్ధరాత్రి దాటాక మనం భూమి ముందుకు దూసుకెళ్లే వైపు ఉంటాం, వానలో బండి నడిపితే ముందు అద్దానికే చినుకులు ఎక్కువ తగిలినట్టు.

నిద్రపట్టనివాడు:
ఆ యాంటెన్నా ఎలా కట్టాలో కొంచెం చెప్తారా?

యాంటెన్నా:
రాత్రికి ఫోటోలు పెడతాను.