ఆర్కిటెక్ట్, ఇంజనీర్, మేస్త్రీ: ముగ్గురినీ ముగ్గు పోయకముందే కూర్చోబెట్టినవాళ్లు చెప్పండి

పానగల్_రోడ్:
నల్గొండలో 200 గజాల ప్లాటు, 30 బై 60, తూర్పు ముఖం. కింద ఒకటి, పైన ఒకటి పోర్షన్ అనుకుంటున్నాం. ప్లాన్ పూర్తిగా అయ్యాకే స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు పంపుతానని ఆర్కిటెక్ట్ అంటున్నారు. మేస్త్రీని ఆ తర్వాత మాట్లాడుకోమన్నారు. మా బావేమో ముగ్గురినీ మొదటి రోజే ప్లాటు మీదికి పిలువు అంటున్నాడు. అలా చేసినవాళ్లు ఉన్నారా? ఆ రోజుకు మేస్త్రీకి డబ్బులివ్వాలా? మట్టి పరీక్ష ఎప్పుడు చేయించాలి?

మెట్టుగడ్డ_అక్క:
మీ బావ మాట విను తమ్ముడూ. మాది మహబూబ్‌నగర్. ప్లాన్ చూసి మురిసిపోయి పునాది తవ్వించాం. ఇంజనీర్ డ్రాయింగ్ వచ్చేసరికి వంటింటి గట్టు మధ్యలో పిల్లర్. సరే, సర్దుకున్నాం. స్లాబ్ పోశాక ప్లంబర్ వచ్చి బాత్రూమ్ పైపు ఎటు దించాలని అడిగాడు. నాలుగు అంగుళాల పైపు, దారిలో బీమ్. నేను ఊళ్లో లేని రోజు ఆ బీమ్‌కు చిల్లు కొట్టారు, లోపలి సలాకలను చుట్టి పట్టి ఉంచే రింగులు రెండు తెగిపోయాయి. కాంక్రీట్ పోసేముందు అక్కడ ఒక పైపు ముక్క పెట్టి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఇప్పుడు అడిగితే ఒకరి పేరు ఒకరు చెబుతున్నారు. ఆ బీమ్ కిందే మా అత్తమ్మ మంచం.

మేస్త్రీ_కొడుకు_మిర్యాలగూడ:
అక్కా, చిల్లు కొట్టింది ప్లంబర్. అది మేస్త్రీ మీద వేయకండి. మా నాన్న ముప్పై ఏళ్ల నుంచి ఇళ్లు కడుతున్నాడు. ప్లాన్ గీయకముందు ఆయనను పిలిచి అడిగిన ఆర్కిటెక్ట్ ఒక్కరూ లేరు. రెండంతస్తులకు 9 బై 12 పిల్లర్ చాలు. డ్రాయింగ్‌లో 12 బై 18 రాస్తారు. గోడ 9 అంగుళాలే, మిగిలిన మూడు అంగుళాలు గదిలోకి పొడుచుకొస్తాయి. ఓనరు తిట్టేది మమ్మల్ని.

పాలమూరు_స్ట్రక్చరల్:
పద్దెనిమిదేళ్లుగా డిజైన్లు చేస్తున్నాను. లెక్క చూడకుండా "9 బై 12 చాలు" అని ఎవరూ అనకూడదు. 9 బై 12 అంటే 230 బై 300 మిల్లీమీటర్లు. కాంక్రీట్ కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం పిల్లర్ అడ్డుకోత వైశాల్యంలో నిలువు సలాక కనీసం 0.8 శాతం ఉండాలి, అంటే 552 చదరపు మిల్లీమీటర్లు. మన దగ్గర చాలామంది నాలుగు 12 ఎంఎం సలాకలు నిలబెట్టి వదిలేస్తారు. నాలుగూ కలిపితే 452. మీరు చాలు అంటున్న పిల్లర్ ఇది.

మేస్త్రీ_కొడుకు_మిర్యాలగూడ:
మా నాన్న ఆరు వేస్తాడు. మా పని చూడకుండా మాట్లాడకండి సార్.

గడియారం_సెంటర్:
అసలు 9 అంగుళాల పిల్లరే నిషేధం కదా? 300 మిల్లీమీటర్లకు తగ్గకూడదని చదివాను.

పాలమూరు_స్ట్రక్చరల్:
సగం చదివి నిషేధం అనకండి. అది భూకంపాన్ని తట్టుకునే కాంక్రీట్ కట్టడాల కోడ్ ఐఎస్ 13920, 2016 నాటిది. భూకంప మండలాలు 3, 4, 5లో తప్పనిసరి. ఆ కోడ్ వచ్చినప్పటి మ్యాపులో నల్గొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు రెండో మండలంలో ఉన్నాయి, అక్కడ పాటించడం మన ఇష్టం. నేనైతే 12 అంగుళాలే ఇస్తాను.

మేస్త్రీ_కొడుకు_మిర్యాలగూడ:
ఇవ్వండి, కాదనను. కానీ ఏసీ గదిలో కూర్చుని ఇవ్వకండి. పోయిన ఎండాకాలం ఒక ఇంట్లో పిల్లర్, రెండు బీములు కలిసే చోట 16 ఎంఎం సలాకలు ఎంత ఇరుకుగా ఇచ్చారంటే కాంక్రీట్‌ను కుదించే 40 ఎంఎం వైబ్రేటర్ సూది దూరలేదు. ఫోన్ చేస్తే "డ్రాయింగ్‌లో ఉన్నట్టు చెయ్యి" అన్నారు. సెంట్రింగ్ విప్పితే కాంక్రీట్ అంతా తేనెతుట్టెలా బొక్కలే. ఓనరు ముందు మాట పడింది మా నాన్న. గీసే రోజే అడిగి ఉంటే, లావు సలాక ఇచ్చి సంఖ్య తగ్గించండి అనేవాడు.

పాలమూరు_స్ట్రక్చరల్:
ఏసీ గది మాట వెనక్కి తీసుకోండి. స్లాబ్ పోసే ప్రతిసారీ నేను సైట్‌లోనే ఉంటాను. మీ నాన్నగారు చెప్పిన మార్పు మాత్రం సరైనదే, ఆ ఇంజనీర్ వినాల్సింది.

దేవరకొండ_దారి:
పిల్లర్లు కాసేపు ఆపండి. నాలుగో మనిషిని అందరూ మరిచిపోయారు. మాకు 2021లో ఇంటి అనుమతుల ఆన్‌లైన్ పద్ధతి బీపాస్‌లో స్వీయ ధ్రువీకరణతో అనుమతి వెంటనే వచ్చింది. సంతోషంగా పని మొదలుపెడదామంటే వాస్తు చూసే పంతులుగారు వచ్చి మెట్లు ఈశాన్యంలో ఉండకూడదన్నారు. మెట్లు నైరుతికి మారాయి, వాటితో నాలుగు పిల్లర్లు మారాయి, డిజైన్ మళ్లీ మొదటికొచ్చింది. నమ్మకం ఉంటే ఆయనను కూడా మొదటి రోజే పిలవండి. నమ్మకం లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లను ముందే ఒప్పించండి.

గడియారం_సెంటర్:
తూర్పు ముఖానికి సంపు ఎక్కడ తవ్వించారు అన్నా?

దేవరకొండ_దారి:
ఈశాన్యంలోనే. మూల పిల్లర్‌కు దగ్గరగా తవ్వకూడదని ఇంజనీర్ అంటే కొంచెం జరిపాం.

పానగల్_రోడ్:
మట్టి పరీక్ష సంగతి ఎవరూ చెప్పలేదు.

హాలియా_రైతు:
నేను చెబుతా తమ్మీ. మా ప్లాటులో ముందు సగం మొరం, నాలుగు అడుగులకే గట్టి నేల. వెనక సగం పాత బావి పూడ్చిన చోటు. ఆర్కిటెక్ట్‌కు తెలియదు, ఇంజనీర్‌కు తెలియదు. జేసీబీ నడిపే పిల్లగాడు వచ్చీరాగానే "ఇది ఫలానా వాళ్ల బావి కదా" అన్నాడు. అప్పటికి పునాది డ్రాయింగ్ అంతా అయిపోయింది. ఊరి మేస్త్రీని ముందే పిలిచి ఉంటే ఆ మాట ఆయన చెప్పేవాడు. నల్లరేగడి అయితే ఇంకా జాగ్రత్త, వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. డిజైన్ కంటే ముందే పరీక్ష చేయించు. ఒక్క చోట కాదు, ముందూ వెనకా.

జడ్చర్ల_టు_కాలిఫోర్నియా:
ఇక్కడ దీనికి పద్ధతే ఉంది. అమెరికా ఆర్కిటెక్టుల సంఘం 2007లో దీని మీద మార్గదర్శి వేసింది. కాస్ట్రో వ్యాలీలో ఒక ఆస్పత్రికి యజమాని, ఆర్కిటెక్ట్, కాంట్రాక్టర్, మిగతా అందరూ కలిపి 11 పక్షాలు ఒకే ఒప్పందం మీద సంతకం చేశాయి. లాభమైనా నష్టమైనా పంచుకోవాలి. అందుకే ఎవరూ తప్పును పక్కవాళ్ల మీదికి తోయరు.

మెట్టుగడ్డ_అక్క:
200 గజాల ఇంటికి ఆస్పత్రి లెక్కలు ఎందుకు తమ్ముడూ?

జడ్చర్ల_టు_కాలిఫోర్నియా:
లెక్క వేరే అక్కా, బాధ ఒకటే. మీ బీమ్ చిల్లు సంగతి అదే కదా. అంచనా కంటే ఖర్చు తగ్గితే అందులో మేస్త్రీకి వాటా ఇస్తామని ముందే రాసుకోవచ్చు.

పాలమూరు_స్ట్రక్చరల్:
సలాకలో, సిమెంట్‌లో మిగిలినదానికి మాత్రం వాటా ఇవ్వకండి. అక్కడ కోత పెడితే పోయేది ఇల్లే. సెంట్రింగ్ చెక్క, పారబోసే ఇసుక, కూల్చి మళ్లీ కట్టే గోడ... వీటిలో ఇవ్వండి.

మేస్త్రీ_కొడుకు_మిర్యాలగూడ:
అందరూ మేస్త్రీని ముందే పిలవండి అంటున్నారు. పిలిచాక ఏం జరుగుతుందో నేను చెబుతాను. మా నాన్నను రెండుసార్లు అలాగే పిలిచారు. రోజంతా కూర్చుని ఎక్కడ ఏముండాలో చెప్పి వచ్చాడు. తర్వాత చదరపు అడుగుకు ఇరవై రూపాయలు తక్కువన్న వేరే కాంట్రాక్టర్‌కు పని ఇచ్చారు. మా నాన్న చెప్పిన మాటలతోనే ఆ ఇల్లు కట్టుకున్నారు. ఇంజనీర్ సలహాకు ఫీజు ఉన్నప్పుడు మేస్త్రీ సలహాకు ఎందుకు ఉండదు?

హాలియా_రైతు:
బిడ్డ చెప్పింది న్యాయం. పని ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ రోజు డబ్బులు ఆ రోజే చేతిలో పెట్టాలి.

పానగల్_రోడ్:
నిన్న ఆదివారం పొద్దున ఏడింటికి ముగ్గురూ వచ్చారు. మేస్త్రీకి రెండు వేలు ముందే ఇచ్చాను. ఆయన టేపు కూడా తీయలేదు. దక్షిణం హద్దు దగ్గర పారతో రెండడుగులు తవ్వి, పక్కింటి పునాది మా గట్టును ఆనుకుని ఉందని చూపించాడు. మా మూల పిల్లర్లకు అటువైపు ఫుటింగ్, అంటే పిల్లర్ కింది పునాది దిమ్మ, పరుచుకునే జాగా లేదు. లోపలి పిల్లర్‌తో కలుపుతూ స్ట్రాప్ బీమ్ వేయాలి, లేదా ఆ పిల్లర్ల వరుసనే లోపలికి జరపాలి అన్నారు ఇంజనీర్. జరిపితే పడకగది ఎంత తగ్గుతుందో ఆర్కిటెక్ట్ అక్కడే కాగితం మీద గీసి చూపించారు. పదకొండు అంగుళాలు. మా ఆవిడ ఒప్పుకోలేదు. స్ట్రాప్ బీమ్ వేసినవాళ్లు ఉంటే సలాక ఎంత ఎక్కువ పట్టిందో చెప్పండి. మట్టి పరీక్షకు గురువారం వస్తున్నారు.