కన్యాశుల్కం ప్రదర్శన: కోతలు, పనుల పంపకం

అందరికీ నమస్కారం. హాలు ఖాయమైంది. మనకిచ్చింది నాలుగు గంటలు. రంగం కట్టడం, విప్పడం అందులోనే కాబట్టి నాటకం రెండు గంటలకు మించకూడదు. 1909 నాటి ఏడంకాల ప్రతిని పూర్తిగా ఆడాలంటే ఒక్క సాయంత్రం చాలదు. ఎక్కడ కోయాలన్నదే ఇప్పుడు పెద్ద పని.

గిరీశం సన్నివేశాలు ఉంచి మిగతావి తీసేద్దామని, పండుగ పూట ఏడుపులెందుకని కొందరు ఫోను చేశారు. నేను ఒప్పుకోలేను. పెద్ద కూతురు బుచ్చమ్మ చిన్నతనంలోనే వితంతువై కళ్లెదుట తిరుగుతుండగా, రెండో కూతురు సుబ్బికి బేరం కుదుర్చుకున్న తండ్రి అగ్నిహోత్రావధాన్లు కథ ఇది. సుబ్బిని తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడైన కుర్రవాడికి చీర కట్టి ముసలి లుబ్ధావధాన్లుకు పెళ్లి చేస్తుంటే జనం పగలబడి నవ్వుతారు, నవ్వాలి కూడా. ఆ చీరలో నిజానికి ఉండవలసింది సుబ్బి అని కాసేపటికి తట్టాలి. బుచ్చమ్మను తీసేస్తే అది తట్టదు. అటు లుబ్ధావధాన్లు ఇంట్లో మీనాక్షి కూడా వితంతువే. ఆమెను కూడా ఉంచుతున్నాను.

విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకునే పెళ్లిళ్ల, లెక్క తీయిస్తే 1,034 తేలాయని 1897 నాటి తొలి ముద్రణ పీఠికలో గురజాడే రాశారు. ఆ పిల్లల్లో 36 మందికి మూడేళ్లు, ముగ్గురికి ఏడాది. ఈ అంకెలు మన కరపత్రం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో పడాలి. అచ్చు పని ఎవరు చూస్తారు?

— దుస్తుల బాధ్యురాలు: అక్కా, కరపత్రం మా ఆయన చూస్తారు. శిష్యుడి వేషం అబ్బాయికి చీర కుదిరింది. కుచ్చిళ్లు తొక్కుకుంటున్నాడని వాళ్ల బామ్మ రోజూ సాయంత్రం కట్టించి నడిపిస్తున్నారు. బుచ్చమ్మకు గాజులు, బొట్టు ఉండవు కదా, ఆ వేషం వేసే అమ్మాయి అమ్మమ్మగారు మాత్రం ఒప్పుకోవడం లేదు. మీరొకసారి మాట్లాడండి.

— తెరమీది ఇంగ్లీషు వాక్యాల బాధ్యుడు: ఇక్కడ పుట్టిన పిల్లలకు ఆ విజయనగరం మాట అందదు, నాకు ఇంకొక మనిషి కావాలి. మరొకటి. వితంతువులను తిట్టే ఆ మాట ప్రతి పేజీలోనూ ఉంది. తీసేయమంటారా?

తమ్ముడూ, అన్నీ వద్దు, కానీ అగ్నిహోత్రావధాన్లు నోట ఒక్కచోటైనా ఉండాలి. ఎందుకో చెబుతాను.

మా ఇంట్లో ఒక పాత ఫొటో ఉంది. తాతయ్య పెళ్లినాటిది. కుడివైపు అంచున, తలమీద కొంగు ముఖం దాకా లాక్కుని, సగం స్తంభం వెనక ఒకామె నిలబడి ఉంటుంది. చిన్నప్పుడు ఎవరని అడిగితే "వంటకు వచ్చినావిడ" అన్నారు. పోయిన నెల సాధన చూసి ఇంటికి వచ్చాక మా అమ్మ ఆ ఫొటో తీసి, ఆమె తాతయ్య సొంత అక్క అని చెప్పింది. ఎనిమిదో ఏట పెళ్లి, పదో ఏట వైధవ్యం. ఇంట్లో ఆమెను పేరుతో పిలిచినవాళ్లు లేరట, ఆ తిట్టుతోనే పిలిచేవారట. పేరేమిటని అమ్మను అడిగాను. తెలియదంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి అప్పుడు ఏడ్చింది.

బుచ్చమ్మ వేషం అమ్మాయి వాళ్లింటికి రేపు వెళ్తాను, అమ్మను కూడా తీసుకువెళ్తాను. పెద్దావిడతో మాట్లాడవలసింది అమ్మే.

ఇక మిగిలిన పనులు. నాటకం అయ్యాక పక్క గది గంటసేపు తెరిచి ఉంచుతాం. ఇరవై కుర్చీలు, వేడి టీ, మంచినీళ్లు చాలు. మైకు వద్దు, ఫొటోలు వద్దు. మా అమ్మలాంటివాళ్లు ఇంకా ఉంటారు. తలుపు దగ్గర ఇద్దరు కావాలి, పెద్దవాళ్లు చెప్పేది మధ్యలో తుంచకుండా వినగలిగినవాళ్లు. పేర్లు ఆదివారంలోగా ఇవ్వండి.