సభలో బట్టల స్వేచ్ఛకు హద్దు ఎవరు గీయాలి?

ప్రశ్న (అనంతపురం): 2016 మే నెలలో ఓర్లాండోలో జరిగిన, వ్యక్తిస్వేచ్ఛకే పెద్దపీట వేసే అమెరికా లిబర్టేరియన్ పార్టీ మహాసభలో, పార్టీ అధ్యక్ష పదవికి పోటీపడిన ఒకరు వేదికపైనే లోదుస్తులు మినహా బట్టలన్నీ విప్పేశారు. వ్యక్తిస్వేచ్ఛను నమ్మేవారు దీన్ని సమర్థించవలసిందేనా?

జవాబు (కర్నూలు): అవసరం లేదండీ. లిబర్టేరియన్ సిద్ధాంతానికి ఆస్తిహక్కే పునాది గనుక, సభాస్థలం ఎవరిదో వారు పెట్టిన నియమానికి ఒప్పుకొని లోపలికి వచ్చినవారు దానిని పాటించవలసిందే. నచ్చనివారు వేరొక చోట సభ పెట్టుకోవచ్చు. చిక్కంతా ఏ ఒక్కరి సొంతమూ కాని వీధులు, పార్కుల వంటి ఉమ్మడి స్థలాలలోనే ఉంది.

జవాబు (కడప): ఆ చిక్కుకు మన చట్టం ఇచ్చే సమాధానం వేరు. బహిరంగ స్థలంలో ఇతరులకు ఇబ్బంది కలిగించే అసభ్య చేష్టకు భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ 3 నెలల వరకు జైలు లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. అయితే నగ్నత్వమంతా అసభ్యమే అనడం నాకు సమ్మతం కాదు. అనంతపురం జిల్లా కొనకొండ్లలో దిగంబర జైన విగ్రహాలను చూసినవారెవరూ అలా అనలేరు.