జ్వరం తగ్గినా నీరసం వదలడం లేదు: ఏఆర్‌టీ వాడుతున్నవారు చెప్పండి

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
తొమ్మిదేళ్లుగా ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి) ఒక్క పూట మానలేదు. మొన్నటి వర్షాల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్, చలిజ్వరం వచ్చాయి. జ్వరం నాలుగు రోజుల్లో దిగింది. మూడు వారాలైనా లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి, అన్నం సహించడం లేదు. ఒక క్లినిక్‌లో "మీ జబ్బుకు ఇది మామూలే" అన్నారు. నీరసం కన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది.

బొబ్బిలి ల్యాబ్:
మామూలు కాదండీ. ఈ-కోలై వంటి క్రిముల పైపొరలో ఎండోటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది రక్తంలో చేరగానే రక్షక కణాలు టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత రసాయనాలను వదులుతాయి. చలి, వణుకు వాటి వల్లే. ఆ కబురు మెదడుకు చేరితే, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఆజ్ఞతో కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ విడుదల చేస్తాయి. పోరు హద్దు మీరకుండా, రక్తపోటు పడిపోకుండా కాపాడేది అదే. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఇంకో చిక్కుంది. వైరస్ మొదట్లోనే పేగు గోడలోని సీడీ4 అనే రక్షక కణాలను దెబ్బతీస్తుంది. అందుకే పేగులోని ఎండోటాక్సిన్ కొద్దికొద్దిగా రక్తంలోకి ఊరుతుందని 2006లో పరిశోధకులు చూపించారు. మందులతో ఇది తగ్గుతుంది గానీ, పూర్తిగా పోదు.

పలాస చెల్లెలు:
అన్నయ్యా, మా ఆయనకు టీబీ మందులు మొదలుపెట్టిన కొద్ది రోజులకే బీపీ పడిపోయింది. ఉదయం 8 గంటలకు రక్తం తీసి చూస్తే కార్టిసాల్ బాగా తక్కువ. టీబీ ఆ గ్రంథులకూ సోకుతుందట, పైగా రిఫాంపిసిన్ అనే టీబీ మందు కార్టిసాల్‌ను త్వరగా ఖర్చు చేసేస్తుందట. కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ మాత్రలతో కోలుకుని మళ్లీ జీడితోట పనికి వెళ్తున్నారు. మీరూ ఆ పరీక్ష అడగండి.

బొబ్బిలి ల్యాబ్:
మీ ఏఆర్‌టీ మందుల్లో రిటోనవిర్ అనేది ఉందా? స్టిరాయిడ్ ఏమైనా వాడారా?

నాగావళి ఒడ్డు:
ఉంది. రెండు నెలల క్రితం మోకాలికి స్టిరాయిడ్ ఇంజెక్షన్ కూడా చేశారు. ఏఆర్‌టీ సంగతి అక్కడ చెప్పలేకపోయాను.

బొబ్బిలి ల్యాబ్:
రిటోనవిర్ ఉంటే కొన్ని స్టిరాయిడ్లు శరీరం నుంచి త్వరగా పోవు. కార్టిసాల్‌లా పనిచేసే బయటి స్టిరాయిడ్ నిండుగా ఉన్నంతకాలం అడ్రినల్ గ్రంథులు పని ఆపేస్తాయి, జ్వరం వచ్చినప్పుడు సాయానికి రావు. మీ విషయంలో అదేనో కాదో డాక్టరే తేల్చాలి. ఏఆర్‌టీ మాత్రం సొంతంగా ఆపకండి. వాంతులైనా, స్పృహ తప్పుతున్నట్టున్నా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.

నాగావళి ఒడ్డు:
రేపు మొదటి బస్సుకే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్తున్నాను. ఇంజెక్షన్ చీటీ దొరికింది. ఈసారి అన్నీ చెబుతాను.