అప్‌డేట్: మాయమైన చుక్కలు దొరికాయి

పోయిన నెల మిమ్మల్ని అడిగాను కదా, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పాలిథిన్ డిఫ్రాక్షన్ చుక్కలు (స్ఫటికంలోని క్రమమైన అమరిక వల్ల ఎలక్ట్రాన్లు చెదిరి తెర మీద వేసే చుక్కలు) ఫోకస్ చేసేలోపే మాయమవుతున్నాయి, తప్పు శాంపిల్‌దా మిషన్‌దా అని. రెండింటిదీ కాదు, నాదే. ఎలక్ట్రాన్ పుంజమే స్ఫటికాన్ని పాడుచేస్తోంది. నేను తీరిగ్గా ఫోకస్ సరిచేసుకుంటూ కూర్చుంటే అక్కడ ఇంకేం మిగులుతుంది!

మీరు చెప్పినట్టే పుంజం బాగా తగ్గించి, పక్క చోట ఫోకస్ చేసుకుని, కొత్త చోటికి జరిపి వెంటనే ఫొటో తీశాను. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచే హోల్డర్ కూడా ఇచ్చారు. చుక్కలు ఇంకాస్త సేపు నిలిచాయి.

శాంపిల్ కూడా మార్చాను. అప్పుడు వాడింది కావలి దగ్గర మా రొయ్యల గుంటలో పరిచే నల్ల షీటు ముక్క. అందులో కార్బన్ బ్లాక్ (మసిలాంటి నల్ల పొడి) కలిపి ఉంటుంది, అంతా కలగాపులగం. ఈసారి శుద్ధమైన పాలిథిన్ గింజల్ని వేడి జైలీన్ అనే ద్రావణిలో చాలా పలచగా కరిగించి, 75 డిగ్రీల దగ్గర కదపకుండా వదిలేశాను. తెర మీద చూస్తే గాలిపటాల్లాంటి పలకలు! మందం దాదాపు 10 నానోమీటర్లే. పాలిథిన్ అణువు ఒక పొడవాటి గొలుసు, దాని పొడవు అంతకు ఎన్నో రెట్లు, కాబట్టి చీర కుచ్చిళ్లలా మడతలు పడి ఇమడాల్సిందే. 1957లో పాలిమర్ శాస్త్రవేత్త కెల్లర్ చెప్పింది ఇదే.

"గుంటలో పరిచే పట్టకేనా ఇన్ని తిప్పలు?" అన్నాడు నాన్న.

మందం కొలవడానికి ఏటవాలుగా వేయించిన మెటల్ పూత మాత్రం కుదరలేదు (పూత పడని నీడ పొడవును బట్టి పలక మందం లెక్కకడతారు). కోణం మరీ తక్కువై నీడలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మళ్లీ స్లాట్ కోసం చూస్తున్నాను.